ఒంటి జబ్బుతో చేరిన మనిషికి మనసు జబ్బు కూడా ఉంటే, పక్కన ఉండేవాళ్లు ఏం చేయాలి

కాలికి షుగర్ పుండు అని చేరతారు, ఛాతీ నొప్పి అని చేరతారు, జ్వరం తగ్గట్లేదని చేరతారు. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే బీపీ బిళ్ల, షుగర్ బిళ్ల చెప్పి ఊరుకుంటారు. ఏళ్ల తరబడి వాడుతున్న సైకియాట్రీ మందుల సంగతి మాత్రం నోరు దాటి రాదు, ఎందుకంటే పక్క బెడ్ వాళ్లు వింటారు, ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది, వియ్యాలవారు చూడటానికి వస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ విశాఖలో మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ నేను చూసినంతవరకు ఇలాంటి పేషెంట్లకి వచ్చే చిక్కుల్లో చాలావాటి మొదలు అక్కడే ఉంది. ఒంటికి వైద్యం చేసే డాక్టరుకి మనసు మందుల సంగతి తెలియదు, మనసుకి వైద్యం చేసే డాక్టరుకి అసలు మనిషి ఆసుపత్రిలో చేరాడనే తెలియదు. ఆ ఇద్దరి మధ్య మాట మోయగలిగింది పక్కన కూర్చున్న మీరే. అందుకే ఇది మీకోసం రాస్తున్నాను.

మన ఊళ్లో మానసిక వైద్యశాల చినవాల్తేరులో ఉంది, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మహారాణిపేటలో ఉంది. రెండూ ఆంధ్ర మెడికల్ కాలేజీకి చెందినవే, ఆటో ఎక్కితే కాసేపటి ప్రయాణం, అయినా పేషెంటు ఫైలు అక్కడొకటి, ఇక్కడొకటి. శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో, అటు కోరాపుట్ నుంచో వచ్చేవాళ్లకి మూడో ఫైలు వాళ్ల ఊరి దగ్గర క్లినిక్‌లో ఉంటుంది. ఆ కాగితాలు వాటంతటవి వార్డుకి రావు, మీరే తేవాలి.

చేరిన రోజు

మందుల పేర్లు గుర్తున్నంతవరకు నోటితో చెప్పడం కాదు, స్ట్రిప్పులే సంచిలో వేసుకుని రండి. "రాత్రి వేసే తెల్ల బిళ్ల" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పాత మందుల చీటీ ఉంటే ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, ఒరిజినల్ కేస్ షీట్‌లో పెట్టించండి. ఒక కాగితం మీద మందు పేరు, ఎన్ని ఎంజీ, ఏ పూట వేస్తారు, చివరి డోసు ఎప్పుడు వేశారు రాసి ఇవ్వండి. ఆ చివరి డోసు సంగతి ఎవరూ రాయరు, నిజానికి అదే ముఖ్యం. ఉదాహరణకి స్కిజోఫ్రేనియాకి వాడే క్లోజపిన్ అనే బిళ్ల 48 గంటలకి మించి ఆగిపోతే పాత డోసు మళ్లీ ఒక్కసారిగా ఇవ్వకూడదు, మొదటి నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ రావాలి. ఎమర్జెన్సీలో హడావుడిగా చేరి రెండు రోజులు ఆ బిళ్ల ఊసే ఎత్తకుండా, మూడో రోజు ఇంటి నుంచి తెచ్చి మీరే నోట్లో వేశారంటే బీపీ పడిపోయి మనిషి పడిపోవచ్చు.

బిళ్లలే కాదు. నెలకోసారో, పదిహేను రోజులకోసారో వేయించుకునే ఇంజెక్షన్ కొందరికి ఉంటుంది. అది స్ట్రిప్పుల్లో కనపడదు కాబట్టి అందరూ మర్చిపోతారు. చివరిసారి ఏ తేదీన వేశారో, మళ్లీ ఎప్పుడు వేయాలో కూడా రాయండి.

నలుగురిలో చెప్పడం ఇష్టం లేకపోతే సిస్టర్‌ని పక్కకి పిలిచి చెప్పండి, డ్యూటీ డాక్టర్ గదిలో చెప్పండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో పేషెంటు వివరాలు గుట్టుగా ఉంచాలన్న హక్కు రాసి ఉంది, ఆ మాట అడిగి మరీ చెప్పండి. రౌండ్స్‌లో డాక్టరు బెడ్ దగ్గర గట్టిగా అడిగితే "సార్, ఆ సంగతి బయట మాట్లాడదాం" అనండి. అందులో తప్పేమీ లేదు.

మందు మందుకి పడుతుందా

సైకియాట్రీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు ఇవ్వనూ వద్దు. "ముందు ఈ జ్వరం తగ్గనీ, ఆ మందులు తర్వాత చూసుకుందాం" అని ఇంటి పెద్దలు అంటారు. తలనొప్పి మాత్ర ఆపినట్టు ఆపే మందులు కావవి. కొన్ని ఒక్కసారిగా ఆపితే నిద్ర పోతుంది, చెమటలు, కంగారు మొదలవుతాయి. రోజూ వాడే నిద్రమాత్రలు, క్లోనజెపాం లాంటివి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. ఆపరేషన్ ఉందని ఉదయం నుంచి నోటికి ఏమీ ఇవ్వొద్దంటే, ఈ మందు సంగతేంటని మత్తు డాక్టరునే అడగండి. ముక్కు గొట్టం ద్వారా మందులిస్తుంటే ఈ బిళ్ల నూరొచ్చా అని అడగండి, నెమ్మదిగా కరిగేలా చేసిన బిళ్లల్ని నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

లిథియం వాడే మనిషి వార్డులో ఉంటే నాకు టెన్షన్ కొంచెం ఎక్కువే. మంచి మందు, బైపోలార్ (కొన్నాళ్లు విపరీతమైన హుషారు, కొన్నాళ్లు దిగులు) ఉన్న ఎంతోమందిని నిలబెట్టిన మందు. కానీ రక్తంలో అది సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి, అంతకన్నా కాస్త పెరిగినా విషమయ్యే మందు. ఒంట్లో నీరు తగ్గితే పెరుగుతుంది. మే నెలలో మన ఊరి ఉక్కపోత మీకు తెలుసు కదా, చొక్కా పిండితే నీళ్లొస్తాయి, దానికి తోడు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఒళ్లు నొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడినా పెరుగుతుంది. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి గానీ, థయజైడ్ రకం నీరు తీసే బిళ్ల గానీ కొత్తగా మొదలుపెట్టినా పెరుగుతుంది. బీపీ వచ్చిందని భయపడి ఒక్కరోజులో ఉప్పు పూర్తిగా మానేసినా పెరుగుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు, చప్పిడి కూడు పెడుతూ మేలు చేస్తున్నామనే అనుకుంటారు. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడుస్తుంటే తూలడం, మగతగా ఉండటం, వాంతులు, విరేచనాలు, ఇందులో ఏది కనిపించినా తర్వాతి డోసు వేసే ముందే డాక్టరుని పిలవండి, లిథియం లెవెల్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయిస్తారా అని అడగండి. మామూలుగా చూసే లెవెల్‌కైతే చివరి డోసు వేసిన 12 గంటలకి రక్తం తీయాలి, ఈ లక్షణాలుంటే మాత్రం అంతవరకు ఆగరు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. బైపోలార్‌కీ, ఫిట్స్‌కీ ఇచ్చే వాల్ప్రోయేట్ వాడేవాళ్లకి పెద్ద ఇన్‌ఫెక్షన్ వచ్చి మెరోపెనెం ఇంజెక్షన్ మొదలుపెడితే రక్తంలో వాల్ప్రోయేట్ బాగా పడిపోతుంది, ఫిట్స్ తిరగబెట్టొచ్చు. ఎస్సిటలోప్రాం, సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు వాడేవాళ్లకి నొప్పికి ట్రమడాల్ గానీ, లినజోలిడ్ అనే యాంటీబయాటిక్ గానీ ఇస్తుంటే ఒకసారి అడగాలి. అవే మందులతో పెద్దవయసు వాళ్లకి సోడియం తగ్గొచ్చు. క్లోజపిన్ వాడేవాళ్లకి నాలుగు రోజులుగా విరేచనం కాలేదంటే అది చిన్న విషయం కాదు, పేగు కదలిక ఆగిపోయి ప్రాణం మీదకి వచ్చిన సందర్భాలున్నాయి, గొంతు నొప్పి, జ్వరం వస్తే తెల్లరక్తకణాలు చూడాలి. సైకోసిస్ (లేనివి వినపడటం, కనపడటం, లేనిపోని అనుమానాలు) మందులు వాడే ఎవరికైనా ఎక్కువ జ్వరంతోపాటు ఒళ్లు కర్రలా బిగుసుకుపోయి, చెమటలు పట్టి, స్పృహ తేడాగా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగకండి.

ఇవన్నీ మీరు బట్టీ పట్టక్కర్లేదు. కొత్త మందు మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక్కటే అడగండి: "డాక్టర్ గారూ, ఈయన ఫలానా మందు మీద ఉన్నారు, ఇది దానితో పడుతుందా?" విసుక్కునేవాళ్లు ఉంటారు, అయినా అడగండి. ఇంకోటి, సైకియాట్రీ రిఫరెన్స్ (సైకియాట్రిస్టు వచ్చి చూడమని రాసే చీటీ) పెట్టమని చేరిన మొదటి రోజుల్లోనే అడగండి, గొడవ జరిగాక కాదు. ఆసుపత్రిలో సైకియాట్రిస్టు లేకపోతే మీ పాత డాక్టరు ఫోన్ నంబరు వార్డు డాక్టరుకి ఇచ్చి ఇద్దరినీ మాట్లాడుకోనివ్వండి. మధ్యలో మీరు విన్నది అటూ ఇటూ చేరవేస్తే డోసులు తారుమారవుతాయి.

తాగుడు, చుట్ట

తాగే అలవాటు దాచకండి. మామగారి ముందు చెప్పలేకపోతే బయటకొచ్చి చెప్పండి, రోజుకి ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది కూడా. రోజూ తాగే మనిషి కాలు విరిగి ఆసుపత్రిలో పడితే తాగుడు ఆగిపోతుంది, మొదటి రోజే చేతులు వణుకుతాయి, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య గోడమీద పురుగులు పాకుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని అరవడం మొదలవుతుంది. చూసేవాళ్లు పిచ్చెక్కిందంటారు. అది పిచ్చి కాదు, తాగుడు ఆగినందుకు ఒళ్లు చేసే తిరుగుబాటు, వైద్యం చేయకపోతే ప్రాణం పోవచ్చు, చేస్తే కొద్ది రోజుల్లో కుదురుకుంటుంది. ముందే తెలిస్తే ముందే మందులు మొదలుపెడతారు, గ్లూకోజ్ సెలైన్‌కి ముందు బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు.

పొగ సంగతి ఇంకా తక్కువమంది అడుగుతారు, ఆడవాళ్లనైతే ఎవరూ అడగరు. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట) తాగే పెద్దమ్మలు ఎంతమంది ఉన్నారో మనకి తెలియంది కాదు. పొగ వల్ల క్లోజపిన్, ఓలంజపిన్ లాంటి మందులు ఒంట్లో త్వరగా ఖర్చయిపోతాయి. ఆ మనిషి వార్డులో చేరి చుట్ట మానేస్తే కొద్ది రోజుల్లోనే అదే డోసు ఎక్కువైపోతుంది. నిన్నటిదాకా బాగా మాట్లాడిన పెద్దమ్మ ఇవాళ తల ఎత్తలేకపోతోంది, చొంగ కారుతోంది అంటే చుట్ట సంగతి డాక్టరుకి చెప్పండి, డోసు చూసుకుంటారు. ఇంటికెళ్లి మళ్లీ మొదలుపెడితే మందు తగ్గి జబ్బు తిరగబెట్టొచ్చు, అదీ చెప్పాలి. పొగ మానడం మంచిదే, మానేయించండి, కానీ డాక్టరుకి తెలిసేలా.

ఉన్నట్టుండి మనిషి మారిపోతే

నన్ను అడిగితే ఈ మొత్తంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నిన్న బాగున్న మనిషి ఇవాళ తేడాగా మాట్లాడుతున్నాడంటే, పాత మానసిక జబ్బు తిరగబెట్టిందని వెంటనే తీర్మానించేయకండి. ముందు ఒంట్లో ఏం జరుగుతోందో చూడమనండి. సంధి ప్రేలాపన అని మన పెద్దలు అనేది, డాక్టర్లు డెలిరియం అనేది గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో వస్తుంది, ఉదయం కాస్త నయం అనిపించి సాయంత్రం అయ్యేసరికి ముదురుతుంది, చెప్పిన మాట మీద ధ్యాస నిలవదు. దానికి కారణం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, ఆక్సిజన్ తగ్గడం, నొప్పి, మలబద్ధకం, కొత్తగా ఇచ్చిన మందు, ఏదైనా కావచ్చు. ఎక్కువ డోసు స్టెరాయిడ్లతో మనిషి ప్రవర్తన మారొచ్చు, మొండి టీబీకి వాడే సైక్లోసెరిన్‌తో కూడా.

భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, చాలా ఏళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్న మనిషి. మూడో రాత్రి కొడుకుని పట్టుకుని "తమ్ముడూ, నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మను" అంటూ లేచిపోబోయింది. కోడలు హడలిపోయి, గాలి సోకిందేమో, పొద్దున్నే తాయెత్తు కట్టిద్దాం అంటోంది, కొడుకేమో పాత జబ్బు తిరగబెట్టిందని సైకియాట్రిస్టుకి ఫోన్ కలుపుతున్నాడు. దుప్పటి తీసి చూస్తే పొత్తికడుపు కుండలా ఉబ్బి ఉంది. ఆ మధ్యాహ్నం యూరిన్ పైపు తీసేశారు, అప్పటి నుంచి ఆవిడ మూత్రానికి వెళ్లలేదు, ఎవరూ అడగలేదు. పైపు మళ్లీ వేయగానే లీటరుకి దగ్గరగా వచ్చింది. తెల్లవారుజామున నిద్రపోయింది, మర్నాటికి కొడుకుని పేరు పెట్టి పిలిచింది. ఆవిడ కళ్లజోడు, చెవి మిషను పోతాయేమోనని ఇంట్లోనే పెట్టొచ్చారు. మూడు రోజులుగా సరిగ్గా కనపడక, వినపడక ఆ కొత్త గదిలో ఆవిడ ఎంత భయపడి ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు, మూడూ తీసుకురండి, డబ్బాల మీద పేరు రాసి. పగలు కిటికీ తెర తీసి ఉంచండి, రాత్రి బెడ్ దగ్గర లైటు తగ్గించమనండి. "ఇవాళ మంగళవారం, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, నేను నీ కోడల్ని" అని నెమ్మదిగా, విసుగు లేకుండా చెప్తూ ఉండండి. కనపడనివి కనపడుతున్నాయంటే వాదించొద్దు, అవునని వంత పాడనూ వద్దు, "నాకైతే ఎవరూ కనపడట్లేదు, నేను నీ పక్కనే ఉన్నాను" అంటే చాలు. చూడటానికి వచ్చే చుట్టాలు ఒక్కసారిగా పదిమంది చుట్టూ మూగకుండా చూడండి. అలవాటైన తిండి పెట్టండి, చోడంబలి (రాగంబలి) తాగే మనిషికి అదే తెచ్చి ఇవ్వండి, డాక్టరు వద్దంటే తప్ప. ఇంకో మాట, డెలిరియం అంటే అరిచి గోల చేయడమే కాదు, కదలకుండా, పలకకుండా, మూల పడుకునే రకం కూడా ఉంది. "ఇవాళ గొడవ లేకుండా హాయిగా పడుకున్నాడు" అని మనం సంతోషపడే రోజే అది జరుగుతుండొచ్చు. పలకరిస్తే సరిగ్గా బదులివ్వకపోతే సిస్టర్‌కి చెప్పండి.

చేతులు కట్టేయడం గురించి. సెలైన్ పీకేస్తున్నాడని కట్టేస్తారు. ఎందుకు పీకుతున్నాడో ముందు చూడమనండి, సూది దగ్గర వాచిందా, పైపు లాగుతోందా. పక్కన మనిషి కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలాసార్లు కట్టే అవసరం రాదు. తప్పనిసరై కట్టినా డాక్టరు రాసిచ్చి ఉండాలి, మధ్యమధ్యలో విప్పి, వేళ్లు చల్లబడ్డాయా, చర్మం ఒరుసుకుపోయిందా చూడాలి. శిక్షగా కట్టడం కుదరదు. మానసిక జబ్బున్న మనిషిని గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది.

నొప్పి అంటే నమ్మండి

స్కిజోఫ్రేనియా ఉన్న ఒకాయన "కడుపులో ఎవరో మేకులు దిగ్గొడుతున్నారు" అంటూ వచ్చాడు. అన్నదమ్ములు "ఎప్పుడూ ఇలాగే అంటాడు సిస్టర్, పట్టించుకోకండి" అన్నారు. హౌస్ సర్జన్ కుర్రాడు మాత్రం పొట్ట కుడివైపు కింద నొక్కి చూశాడు, మనిషి మెలికలు తిరిగిపోయాడు. అపెండిక్స్. మాట వింతగా ఉండొచ్చు, నొప్పి నిజం. ఇలాంటివాళ్లు కొందరు నొప్పిని మనలా చెప్పరు, కొందరు అసలు చెప్పరు. తిండి మానేయడం, ఒక పక్కకే పడుకోవడం, ముట్టుకుంటే ఉలిక్కిపడటం గమనించి మీరే డాక్టరుకి చెప్పండి. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్లకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఎక్కువమంది పోయేది గుండె జబ్బుల లాంటి ఒంటి జబ్బులతోనే. వాళ్లు చెప్పే నొప్పిని వినకపోవడం కూడా దానికి ఒక కారణం, ఇది తలుచుకుంటే నాకు చాలా బాధ కలుగుతుంది.

బతకాలని లేదు అంటే

ఆత్మహత్యాయత్నం చేసి ఐసీయూలో చేరినవాళ్ల విషయంలో ఒళ్లు బాగుపడగానే పని అయిపోయిందనుకుని ఇంటికి తీసుకెళ్లిపోతారు. అలా వెళ్లొద్దు. సైకియాట్రిస్టు చూడకుండా డిశ్చార్జ్ తీసుకోకండి. పోలీసు కేసు భయంతో కొందరు పారిపోతారు కూడా. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు, వైద్యం, సంరక్షణ అందేలా చూడటం ప్రభుత్వం బాధ్యత. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (పోలీసులకి తెలియజేసే మెడికో లీగల్ కేసు) రాస్తారు, అది రాసుకునే పద్ధతి, భయపడొద్దు.

క్యాన్సర్, కిడ్నీ డయాలసిస్ లాంటి దీర్ఘ జబ్బులతో ఉన్నవాళ్లు "ఇంక చాలు, మీకు భారం అయ్యాను" అంటే మాట మార్చేయకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, బాత్రూంకి వెళ్లినా లోపల గడియ వేసుకోనివ్వొద్దు, మందులన్నీ సిస్టర్ దగ్గర పెట్టండి, వెంటనే డాక్టరుకి చెప్పండి. ఇంటి దగ్గర ఉన్నప్పుడైతే టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు మీకోసం కూడా చేయొచ్చు. రాత్రుళ్లు స్టూలు మీద కూర్చునే నిద్రపోయే అటెండెంట్లని చూస్తుంటాను, వంతులు వేసుకోండి, ఒక్కరి మీదే పెట్టకండి.

డిశ్చార్జ్ రోజు

ఆ రోజు బిల్లు, ఆటో, సామాన్లు అనే హడావుడిలో అసలు కాగితం చదవరు. డిశ్చార్జ్ సమ్మరీలో సైకియాట్రీ మందులు కూడా రాశారా చూడండి. రాయకపోతే ఆపేశారా, మర్చిపోయారా అని అడిగి రాయించుకోండి. వార్డులో డోసు మార్చి ఉంటే ఎందుకు మార్చారో ఒక్క లైను రాయమనండి, ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులు కలిసిపోకుండా తీసేయండి. ఇన్సూరెన్స్ ఉంటే, మానసిక జబ్బుకి కూడా ఒంటి జబ్బుతో సమానంగా కవర్ ఇవ్వాలని అదే చట్టం 21వ సెక్షన్‌లో ఉంది, ఆ కారణం చెప్పి క్లెయిమ్ కాదన్నారంటే రాతపూర్వకంగా అడగండి.

సమ్మరీని రెండు కాపీలు జిరాక్స్ తీయించండి. ఒకటి ఇంట్లో, ఇంకొకటి సైకియాట్రీ ఫైల్లో. బెడ్ ఖాళీ చేయకముందే సైకియాట్రీ డాక్టరు దగ్గర ఓపీ ఏ రోజో కనుక్కుని, ఎవరు తీసుకెళ్తారో అక్కడే తేల్చుకోండి.